హీమోఫిలియా సంరక్షణ: ఏం లెక్కపెడుతున్నాం, ఏం వదిలేస్తున్నాం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. హాల్లో డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ వాళ్లు, రోగుల రిజిస్ట్రీలో వివరాలు ఎక్కించేవాళ్లు అందరూ ఉన్నారని చెప్పారు. సంతోషం. ఈ కొలతల్లో ఒకరు జాగ్రత్తగా చేసిన పని ఇంకొకరి దగ్గర చెడిపోవడం మామూలే కాబట్టి, అందరూ ఒకేచోట వినడం మంచిది.

నేరుగా విషయానికి వస్తాను. హీమోఫిలియా అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ తక్కువై, ముఖ్యంగా కీళ్లలో రక్తస్రావమయ్యే పుట్టు జబ్బు; ఫ్యాక్టర్ దాదాపు లేకపోతే తీవ్రమైనది అంటాం. రెండు కేంద్రాలున్నాయి అనుకుందాం. మొదటిదాంట్లో తీవ్ర హీమోఫిలియా ఉన్నవాళ్లకి సగటున ఏడాదికి రెండు రక్తస్రావాలు. రెండోదాంట్లో ఐదు. ఏది మెరుగు? మొదటిదే అని చాలామంది టక్కున చెప్పేస్తారు. నేనైతే చెప్పను. ఆ రెండు ఎలా వచ్చిందో ముందు అడుగుతాను. రెండో కేంద్రంలో నర్సు నెలనెలా ఫోన్ చేసి, ఒక్కో కీలు పేరు చెప్పి అడిగి రాసుకుంటోంది. మొదటిదాంట్లో ఎవరైనా ఆసుపత్రికి వస్తేనే రాస్తున్నారు. అలాంటప్పుడు వాళ్ల లెక్కలో ఉన్నవి ఆసుపత్రి గడప తొక్కిన రక్తస్రావాలు మాత్రమే. ఇంట్లో ఐసు పెట్టుకుని, పళ్లు బిగించి భరించినవి ఆ లెక్కలోకి రాలేదు. శ్రద్ధగా అడిగిన కేంద్రమేమో పట్టికలో అడుగున పడింది.

అందుకే ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సంరక్షణను కొలిచే ముందు మన నమోదును కొలుచుకోవాలి. నమోదు ఎంత నిండుగా ఉందో తెలియకుండా చెప్పే ఏ అంకె మీదా చర్చ పెట్టుకోవద్దు.

డైరీతో మొదలుపెడదాం. ఇంట్లో ఫ్యాక్టర్ ఎక్కించుకునేవాళ్ల దగ్గర డైరీ ఉంటుంది, కాగితం మీదో ఫోన్‌లోనో. అందులో ఒక నెల ఖాళీగా ఉంది. దానికి రెండు అర్థాలున్నాయి: రక్తస్రావం జరగలేదు, లేదా ఎవరూ రాయలేదు. మన సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ తేడా తెలియదు. ఖాళీని సున్నాగా తీసుకుని సగటులో కలిపేస్తాయి. అందుకని ప్రతి నెలా ఒక గడి తప్పనిసరిగా ఉండాలి: "ఈ నెల రక్తస్రావం లేదు" అని టిక్కు పెట్టే గడి. టిక్కు ఉంటే సున్నా. టిక్కు లేకపోతే ఆ నెల లెక్కలోకే రాదు, హారంలోంచి కూడా తీసేయాలి.

రాసిన తేదీ, జరిగిన తేదీ రెండూ ఉండాలి. మూడు నెలల డైరీలోని వరసలన్నీ క్లినిక్‌కి వచ్చే ముందు రోజు ఎక్కించినవైతే అది డైరీ కాదు, జ్ఞాపకం. జరిగిన వారం లోపు ఎక్కించిన వరసలు ఎంత శాతం అని లెక్కగట్టండి. నా దృష్టిలో మీరు ప్రకటించే మొదటి సూచిక ఇదే కావాలి. రక్తస్రావాల సంఖ్య దాని పక్కన రెండో గడిలో వస్తుంది.

ఇంకో పరీక్ష సీసాల లెక్క. ఇది ఎంత మామూలుగా కనిపిస్తుందో అంత పనికొస్తుంది. ఒకతను వారానికి మూడుసార్లు ముందుజాగ్రత్త మోతాదు తీసుకుంటున్నాడు, ఒక్కోసారి ఒక సీసా. 12 వారాలకి 36 సీసాలు. మొదట్లో ఇంట్లో 6 ఉన్నాయి, మధ్యలో మీరు 40 ఇచ్చారు, చివర ఫ్రిజ్‌లో 4 మిగిలాయి. అంటే ఖర్చయినవి 42. డైరీలోనేమో సరిగ్గా 36 మోతాదులు, రక్తస్రావాల కాలమ్‌లో సున్నా. ఆ ఆరు సీసాలు ఏమయ్యాయి? కలిపేటప్పుడు ఒకటో రెండో పాడై ఉండొచ్చు. మిగతావి చాలావరకు ఎక్కడా రాయని రక్తస్రావానికి వాడినవే అయి ఉంటాయి. ఇది దొంగను పట్టే లెక్క కాదని ఇంటివాళ్లకి ముందే చెప్పాలి. చెప్పకపోతే తర్వాతిసారి ఫ్రిజ్ లెక్క కూడా సరిగ్గా సరిపోయేట్టు వస్తుంది!

ఇప్పుడు కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. ఫ్యాక్టర్‌కి బదులు చర్మం కింద ఇచ్చే ఎమిసిజుమాబ్ లాంటి మందులకి మారినవాళ్లు డైరీ మానేస్తున్నారు. డైరీ పుట్టిందే సీసాలు, బ్యాచ్ నంబర్లు రాయడానికి. రక్తస్రావం రాయడం దాని వెనక తోకలా ఉండేది. సూది నెలకో, రెండు వారాలకో ఒకసారి అయ్యేసరికి తలతోపాటు తోక కూడా పోయింది. మందు మారిన తర్వాత అంకె తగ్గిందంటే మందు పనితనం ఎంత, డైరీ మూతపడటం ఎంత అని విడదీసి చూడాలి. మందు నిజంగానే బాగా పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ మీ కేంద్రం అంకె దానికి రుజువు అనాలంటే నమోదు రెండు కాలాల్లోనూ ఒకేలా ఉండి ఉండాలి.

ఇక నిర్వచనాలు. అంతర్జాతీయ థ్రాంబోసిస్ హీమోస్టాసిస్ సంఘం 2014లో ప్రచురించిన నిర్వచనాలు ఉన్నాయి, అవే వాడండి. సొంతంగా తయారు చేసుకోవద్దు. వాటిలో తరచూ తప్పు జరిగేది 72 గంటల నియమం దగ్గర. ఒక కీలులో రక్తస్రావానికి చికిత్స ఆపేశాక 72 గంటల లోపు మళ్లీ వాపు, నొప్పి పెరిగితే అది పాతదే తిరగబెట్టినట్టు. 72 గంటలు దాటాక వస్తే కొత్తది. ఈ నియమం పాటించకపోతే ఒకే మోకాలు రక్తస్రావం ఒక కేంద్రంలో ఒకటిగా, ఇంకో కేంద్రంలో మూడుగా లెక్కకి వస్తుంది. టార్గెట్ జాయింట్‌కీ అదే మాట: వరుసగా ఆరు నెలల వ్యవధిలో ఒకే కీలులో దెబ్బ తగలకుండా మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు రక్తస్రావమైతే అది టార్గెట్ జాయింట్. వరుసగా 12 నెలల్లో రెండు లేదా అంతకన్నా తక్కువైతే ఇక ఆ పేరు తీసేయాలి. చేర్చడం అందరూ చేస్తారు, తీసేయడం మర్చిపోతారు. కొన్నేళ్లకి జాబితా నిండా పాత పేర్లే ఉంటాయి.

పాడైన కీలు ఉన్న పెద్దవాళ్ల దగ్గర ఇంకో చిక్కు. పొద్దున్నే చీలమండ నొప్పి పెట్టింది. అది రక్తస్రావమా, అరిగిన కీలు నొప్పా? లోపల పొడుచుకున్నట్టో జిల్లుమన్నట్టో అనిపించడం, వెచ్చబడటం, వాపు, గంటల్లో కదలిక తగ్గిపోవడం ఉంటే రక్తస్రావం వైపు. లేవగానే బిగుసుకుని, నాలుగడుగులు వేశాక సర్దుకుంటే అరుగుదల వైపు. అనుమానంగా ఉన్నప్పుడు ఆగకుండా ఫ్యాక్టర్ ఇవ్వాలన్నది చికిత్స సూత్రం, దాన్ని మార్చమనడం లేదు. లెక్కలో మాత్రం "నిర్ధారించినది", "అనుమానించినది" అని రెండు గడులు పెట్టండి. అలాగే చికిత్స చేసిన రక్తస్రావాలు మాత్రమే లెక్కపెట్టారా, అన్నీ లెక్కపెట్టారా అన్నది అంకె పక్కనే రాయండి. ఈ రెండు అంకెల మధ్య పెద్ద తేడా వస్తుంది. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చిన స్లైడ్లు ఎన్ని తిరుగుతున్నాయో!

వార్షిక రేటు కట్టేటప్పుడు గణితం సులువే, మోసం కూడా సులువే. ఒకర్ని 8 వారాలు చూశారు, మూడు రక్తస్రావాలు. మూడుని 8తో భాగించి 52తో గుణిస్తే ఏడాదికి 19.5. అదే మనిషిని ఏడాదంతా చూసి ఉంటే ఆరో ఏడో వచ్చేదేమో. కొత్తగా చేరేవాళ్లు ఎక్కువగా బాధ ముదిరినప్పుడే వస్తారు కాబట్టి, మొదటి వారాల్ని ఏడాదికి సాగదీస్తే అంకె ఉబ్బుతుంది. ఆరు నెలల పరిశీలన నిండనివాళ్లని వార్షిక రేటులో కలపకండి. వాళ్లు ఎందరో విడిగా చెప్పండి.

సగటు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. పదిమంది ఉన్నారు. ఏడాదిలో రక్తస్రావాలు: నలుగురికి సున్నా, ఇద్దరికి ఒకటి, ఇద్దరికి రెండు, ఒకరికి నాలుగు, ఒకరికి 30. మొత్తం 40, సగటు 4. మధ్యగతం (వరసగా పేరిస్తే మధ్యలో వచ్చే అంకె) చూస్తే 1. సగటు చెప్తే కేంద్రం బాగా లేదనిపిస్తుంది, మధ్యగతం చెప్తే అంతా బాగుందనిపిస్తుంది. ఆ ముప్ఫై ఉన్న మనిషి మొదటిదాంట్లో అందరిలో కలిసిపోయాడు, రెండోదాంట్లో పూర్తిగా మాయమయ్యాడు. నాణ్యత సమావేశంలో మాట్లాడాల్సింది అతని గురించే: ఇన్హిబిటర్ (ఎక్కించిన ఫ్యాక్టర్‌ని పనిచేయనివ్వని యాంటీబాడీ) ఉందా, మోతాదు చాలడం లేదా, సూది వేసుకోవడానికి నరం దొరకడం లేదా, ఇంట్లో సాయం చేసేవాళ్లు లేరా? అందుకని మధ్యగతం, సున్నా ఉన్నవాళ్ల శాతం, వీటితోపాటు ఎక్కువ రక్తస్రావాలున్నవాళ్ల జాబితా. మూడూ కలిపి చూడండి. వందమంది లేని కేంద్రం సగటు జోలికి పోకపోవడమే మేలు.

సరే, నమోదు బాగుంది, నిర్వచనాలు సరిగ్గా ఉన్నాయి, సున్నా అంటే నిజంగా సున్నాయే. అయినా కీళ్లు బాగున్నాయని చెప్పగలమా? లేదు. 2007లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. రెండున్నరేళ్లలోపు వయసు, తీవ్ర హీమోఫిలియా ఎ (ఫ్యాక్టర్ 8 లోపం) ఉన్న 65 మంది మగపిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి రోజు విడిచి రోజు కిలోకి 25 యూనిట్ల ఫ్యాక్టర్ 8. రెండో గుంపుకి రక్తస్రావమైనప్పుడు మాత్రమే, కానీ గట్టి మోతాదులో. ఆరేళ్ల వయసుకి ఎంఆర్ఐ తీస్తే మొదటి గుంపులో 93 శాతం మందికి, రెండో గుంపులో 55 శాతం మందికి కీళ్ల నిర్మాణం మామూలుగా ఉంది. ముందుజాగ్రత్త చికిత్సకి ఇది పెద్ద ఆధారం, అందరికీ తెలిసిందే. మనకి కావాల్సింది అందులోనే ఉన్న ఇంకో సంగతి. పైకి కనిపించిన రక్తస్రావాల సంఖ్యకీ, ఎంఆర్ఐలో కనిపించిన నష్టానికీ గట్టి పొంతన కుదరలేదు. ఎవరికీ తెలియకుండా కీలు లోపల కొద్దికొద్దిగా రక్తం ఊరి నష్టం చేసే అవకాశం ఉంది. కాబట్టి రక్తస్రావాల లెక్కతో ఆగిపోతే కీలు సంగతి తెలియదు. కీలునే కొలవాలి.

కీలును కొలిచే పట్టికల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది హెచ్‌జేహెచ్‌ఎస్ (హీమోఫిలియా జాయింట్ హెల్త్ స్కోర్), 2.1వ రూపం. రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, రెండు చీలమండలు, మొత్తం ఆరు కీళ్లు. ఒక్కో కీలుకి 0 నుంచి 20: వాపు 3 దాకా, వాపు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి 1, కండ క్షీణతకి 2, కదిపితే వచ్చే కిరకిరకి 2, ముడవలేకపోవడానికి 3, చాపలేకపోవడానికి 3, నొప్పికి 2, బలానికి 4. వీటికి నడక తీరు 0 నుంచి 4 కలిపితే మొత్తం 124. ఎక్కువైతే చెడు. పిల్లల కోసం తయారైంది, పెద్దవాళ్లకీ వాడుతున్నారు.

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్తాను. మొదటిది, ఆపరేషన్ అయిన కీలు. చీలమండ ఎముకల్ని కలిపి బిగించేశారు, లేదా మోకాలు మార్చారు. దాన్ని "అంచనా వేయడం కుదరదు" అని రాయాలి. చాలాచోట్ల ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. కంప్యూటర్ సున్నా వేసుకుంటుంది. ఆపరేషన్‌కి ముందు 15 ఉన్న కీలు ఆపరేషన్ తర్వాత 0 అయి కూర్చుంటుంది. మొత్తం స్కోరు తగ్గిందని అందరూ సంబరపడతారు. ఆ ఏడాది కేంద్రంలో ఐదారు ఆపరేషన్లు జరిగితే ఏమవుతుందో ఊహించండి: కీళ్లు అంతగా పాడైన కేంద్రం కాగితం మీద మెరుగుపడిపోతుంది. కుదరని కీలు ఉన్నవాళ్లకి మొత్తం స్కోరు చెప్పకుండా, మిగిలిన కీళ్లకి కీలువారీగా చెప్పండి.

రెండోది, రక్తస్రావం ఇంకా తగ్గని కీలును కొలవడం. వాపు, నొప్పి పెరిగి, కదలిక తగ్గి, అన్నీ ఒకేసారి కలిసి స్కోరు ఎగబాకుతుంది. అది ఆ రోజు సంగతి. పాత నష్టం ఎంతో దాన్నిబట్టి తెలియదు. కీలు కుదుటపడ్డాక మళ్లీ పిలవాలి.

మూడోది, కొలిచే చెయ్యి. మోచేయి ఎంత చాచగలడన్నది కళ్లతో చూసి రాసేస్తే పది డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. గోనియోమీటర్ (కీలు కోణం కొలిచే పరికరం) పెట్టి, ఒకే భంగిమలో, వీలైతే ఏటా ఒకే ఫిజియోథెరపిస్టు కొలవాలి. మనిషి మారేటప్పుడు కొద్దిమందిని ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కొలిచి సరిచూసుకోవాలి. ఆ ఇద్దరి మధ్యే మూడు పాయింట్ల తేడా వస్తుంటే, ఏడాదిలో వచ్చిన మూడు పాయింట్ల మార్పుకి అర్థం వెతకడం దండగ.

తొలిదశ మార్పుని చేత్తో పట్టుకోవడం కష్టం. అందుకే అల్ట్రాసౌండ్. హెడ్-యూఎస్ అనే పద్ధతిలో ఒక్కో కీలుకి 0 నుంచి 8: కీలు పొరకి 2, మృదులాస్థికి 4, ఎముకకి 2. క్లినిక్‌లోనే చేసేయొచ్చు. ఎక్స్-రే మీద ఆధారపడే పెటర్సన్ స్కోరు 0 నుంచి 13, కానీ అందులో కనిపించేసరికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. వయసు ముదిరినవాళ్లకి పనికొస్తుంది, పిల్లల చికిత్స బాగుందా లేదా తేల్చడానికి పనికిరాదు.

కీలు ఎలా ఉందన్నది ఒకటి, దాంతో మనిషి ఏం చేయగలుగుతున్నాడన్నది ఇంకొకటి. దీనికి ఫిష్ అనే కొలమానం ఉంది, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో రూపొందింది. తినడం-ముస్తాబవడం, స్నానం, బట్టలు వేసుకోవడం, కుర్చీలోంచి లేవడం, గొంతుక్కూర్చోవడం, నడవడం, మెట్లెక్కడం, పరిగెత్తడం. ఎనిమిది పనులు, ఒక్కోదానికి 1 నుంచి 4, మొత్తం 32. ఇక్కడ ఎక్కువైతే మంచి. ముఖ్యమైన నియమం: అడిగి రాయకూడదు, చేయించి చూడాలి. "గొంతుక్కూర్చోగలరా" అంటే "ఆఁ కూర్చుంటాను" అంటారు. కూర్చోమంటే బల్ల పట్టుకుంటారు. హెచ్‌జేహెచ్‌ఎస్‌లో ఎక్కువ చెడు, ఫిష్‌లో ఎక్కువ మంచి. ఒకే గ్రాఫులో రెండూ గీసేటప్పుడు ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాయండి.

ఇంతవరకు ఫలితాలు. ఫలితం రావడానికి ఏళ్లు పడుతుంది. ఈ నెలలో సరిదిద్దుకోగలిగేవి చికిత్స ప్రక్రియలో ఉంటాయి. నాణ్యతని నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అని మూడుగా చూడాలని వైద్య నాణ్యత పరిశోధకుడు డొనబేడియన్ 1966లోనే చెప్పాడు. హీమోఫిలియాలో ఈ ప్రక్రియ భాగాన్నే మనం తక్కువ కొలుస్తున్నాం.

రెండు కొలతలు చెప్తాను. ఒకటి సమయం. రక్తస్రావం మొదలైందని తెలిసిన వెంటనే, వీలైతే రెండు గంటల్లోపే ఫ్యాక్టర్ పడాలి. ఎక్కడ ఆలస్యమవుతోందో తెలియాలంటే నాలుగు సమయాలు కావాలి: లక్షణం మొదలైనప్పుడు, ఆసుపత్రికి చేరినప్పుడు, ఫ్యాక్టర్ ఇమ్మని రాసినప్పుడు, సూది పూర్తయినప్పుడు. మన రికార్డుల్లో సాధారణంగా దొరికేది మూడోది ఒక్కటే, దాన్నే చికిత్స సమయంగా వేసేస్తారు. రాయడానికీ ఎక్కించడానికీ మధ్య ఫార్మసీ తాళం, స్టోరు సంతకం, నీళ్లు కలపడం ఉన్నాయి. ఎమర్జెన్సీలో ఇంకో ఆలస్యం స్కాను. తలకి దెబ్బ తగిలితే ముందు ఫ్యాక్టర్, తర్వాత స్కాను. ఎంతమందికి ఈ వరుస పాటించారన్నది చాలా విలువైన సూచిక. ఏడాదికి నాలుగు కేసులే ఉన్నా ఒక్కోటీ తీసి చదవండి.

రెండోది మోతాదు. ఫ్యాక్టర్ 8 కిలోకి ఒక యూనిట్ ఇస్తే రక్తంలో స్థాయి సుమారు రెండు శాతం పెరుగుతుంది. 60 కిలోల మనిషికి 50 శాతం పెంచాలంటే 60 ఇంటూ 50 ఇంటూ 0.5, అంటే 1,500 యూనిట్లు. సీసాలు తక్కువున్నాయని 500 ఇస్తే పెరిగేది 17 శాతం లోపే. రిజిస్ట్రీలో మాత్రం "చికిత్స ఇచ్చారు" అని ఒకేలా పడుతుంది. అందుకని ఇచ్చిన మోతాదుని ఇవ్వాల్సిన మోతాదుతో భాగించి నిష్పత్తి రాయండి. ఫ్యాక్టర్ 9కి లెక్క వేరు, యూనిట్‌కి సుమారు ఒక్క శాతమే పెరుగుతుంది. రెండు రకాలనీ ఒకే ఫార్ములాలో పెట్టిన ఎక్సెల్ షీట్లు ఉంటాయి, జాగ్రత్త.

పిల్లల్లో బరువు. కిలోకి 25 యూనిట్ల చొప్పున 15 కిలోల పిల్లాడికి 375 రాశారు. పిల్లాడు 19 కిలోలయ్యాడు, కావాల్సింది 475. కార్డు మీద ఇంకా 375 ఉంది. డైరీ ప్రకారం ఒక్క మోతాదూ తప్పలేదు, అయినా రక్తస్రావాలు పెరుగుతున్నాయి. అందరూ ఇన్హిబిటర్ కోసం వెతుకుతారు! ముందు బరువు చూసే యంత్రం మీద నిలబెట్టండి. గత ఆరు నెలల్లో బరువు నమోదైన పిల్లల శాతం ఎంతో చూడండి. ఖర్చు లేని సూచిక.

ఇన్హిబిటర్ సంగతి. తీవ్ర హీమోఫిలియా ఎ లో దాదాపు 30 శాతం మందికి వస్తుంది, ఎక్కువగా ఫ్యాక్టర్ ఎక్కించిన మొదటి 50 రోజుల్లో. అందుకని కొత్త పిల్లలకి మొదటి 20 రోజుల దాకా ప్రతి 5 రోజుల వాడకానికి ఒకసారి, తర్వాత 50 దాకా ప్రతి 10 రోజుల వాడకానికి ఒకసారి పరీక్షించాలన్న పద్ధతి ఉంది. ఇక్కడ రోజంటే క్యాలెండర్ రోజు కాదు, ఫ్యాక్టర్ పడిన రోజు. "ఏడాదిలో పరీక్ష జరిగిన శాతం" అనే సూచిక పెద్దవాళ్లకి సరిపోతుంది గానీ చిన్నపిల్లలకి మరీ వదులు. మీ కేంద్రంలో ఇన్హిబిటర్ ఉన్నవాళ్లు చాలా తక్కువని తేలితే గర్వపడే ముందు ఎన్ని పరీక్షలు చేశారో లెక్కపెట్టండి.

ల్యాబ్ వాళ్లకి రెండు ముక్కలు. నమూనా 3.2 శాతం సిట్రేట్‌లో (రక్తం గడ్డకట్టనివ్వని ద్రావణం), తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు చొప్పున, నాలుగు గంటల్లోపు పరీక్షకి వెళ్లాలి. సగం నిండిన ట్యూబుల శాతం నెలనెలా రాయండి. ఫ్యాక్టర్ ఎక్కించిన కొద్దిసేపటికే తీసిన రక్తంలో బెథెస్డా పరీక్ష (ఇన్హిబిటర్ ఎంత ఉందో చూసేది) చేస్తే మిగిలి ఉన్న ఫ్యాక్టర్ ఇన్హిబిటర్‌ని దాచేస్తుంది. ప్లాస్మాని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి చేయాలి, లేదా శరీరంలో ఫ్యాక్టర్ తగ్గాక తీసుకోవాలి. బయటి నాణ్యత పరీక్షలో పాల్గొనని ల్యాబ్ ఇచ్చిన స్థాయిల మీద తీవ్రతని వర్గీకరించి, ఆ వర్గాలతో కేంద్రాల్ని పోల్చడం ఇసుక మీద గోడ కట్టడమే.

ఇక కేంద్రం దాటి దేశం స్థాయికి వెళ్దాం. కేంద్రంలో ఉన్నవాళ్లకి ఎంత బాగా చూసినా, అసలు కేంద్రానికే రానివాళ్ల మాటేమిటి? 2019లో వచ్చిన అంచనా ప్రకారం ప్రతి లక్షమంది మగవాళ్లలో హీమోఫిలియా ఎ 17.1 మందికి, బి (ఫ్యాక్టర్ 9 లోపం) 3.8 మందికి ఉంటుంది. కలిపి 20.9. కోటి జనాభాలో 50 లక్షలమంది మగవాళ్లనుకుంటే 1,045 మంది ఉండాలి. మీ రిజిస్ట్రీలో 400 ఉంటే అరవై శాతానికి పైగా లెక్కలోనే లేరు. ఇంకా లోపలికి వెళ్లొచ్చు. అదే అంచనాలో హీమోఫిలియా ఎ తీవ్రమైనది లక్షకి 6. అంటే మొత్తంలో సుమారు 35 శాతం. మీ జాబితాలో 80 శాతం తీవ్రమైనవే ఉంటే, తేలికపాటివాళ్లు పన్ను పీకించుకున్నాకో ఆపరేషన్ బల్ల మీదో బయటపడతారన్నమాట. వయసుల వారీగా గీసి చూడండి. నలభై ఐదు దాటినవాళ్లు బాగా తక్కువుంటే దానికి కారణాలు రెండే: చనిపోయి ఉండాలి, లేదా మనకి తెలియకుండా ఎక్కడో ఉండాలి. ఆడవాళ్ల గడి ఖాళీగా ఉంటే, వాహకురాళ్ల (జబ్బు జన్యువును మోసే ఆడవాళ్ల) ఫ్యాక్టర్ స్థాయి ఎవరూ చూడలేదని అర్థం. నలభై శాతం కంటే తక్కువ స్థాయి ఉన్న ఆడవాళ్లకి కూడా రక్తస్రావ ఇబ్బంది ఉంటుంది.

తలసరి ఫ్యాక్టర్ వాడకం కూడా ఒక సూచికే. ప్రాణాలు నిలబెట్టడానికి ఫ్యాక్టర్ 8 తలసరి కనీసం ఒక యూనిట్ ఉండాలన్నది ప్రపంచ హీమోఫిలియా సమాఖ్య పెట్టుకున్న గీత. యూరప్‌లో నిపుణులు తర్వాత కాలంలో నాలుగు యూనిట్లని కనీసంగా సిఫారసు చేశారు. వాడకం పెరగడం మంచిదే, కానీ ఇది సరఫరా కొలత. ఇన్హిబిటర్‌ని తగ్గించడానికి రోజూ పెద్ద మోతాదులు తీసుకునే ఇద్దరు ముగ్గురు చిన్న కేంద్రం అంకెని అమాంతం పెంచేయగలరు.

కేంద్రాల వల్ల నిజంగా తేడా వస్తుందా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే: అమెరికాలో దాదాపు 3,000 మందిని చూసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రత్యేక హీమోఫిలియా కేంద్రాల్లో చూపించుకున్నవాళ్లకి మరణం ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే 0.6 వంతే. జబ్బు తీవ్రతనీ ఇతర కారణాలనీ లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన అంకె అది. మరణాలు అరుదు కాబట్టి ఒక్కో కేంద్రం విడిగా దీన్ని కొలవడం కుదరదు, రిజిస్ట్రీలు కలిస్తేనే సాధ్యం.

జీవన నాణ్యత ప్రశ్నావళుల గురించి క్లుప్తంగా. ఈక్యూ-5డీ లాంటివి వాడండి, కానీ ఒక్కసారి తీసుకున్న అంకెని చూసి ఏమీ అనకండి. చిన్నప్పటినుంచీ చాపలేని మోకాలితో పెరిగినవాళ్లు "నడవడానికి ఇబ్బంది లేదు" అని నిజాయితీగానే రాస్తారు, వాళ్లకి తెలిసిన నడక అదే. అదే మనిషి ఏటేటా ఏం రాశాడో పక్కపక్కన పెట్టి చూస్తేనే ఉపయోగం. నొప్పిని విడిగా అడగండి: ఎన్ని రోజులు, ఏ మందులు, బడికి లేదా పనికి వెళ్లలేని రోజులెన్ని.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: మాది చిన్న కేంద్రం, ముప్ఫై మంది కూడా లేరు. ఇవన్నీ చేయలేం. ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ చేయొద్దు. ఒక షీటులో మనిషికి ఒక వరస పెట్టండి: చివరి బరువు తేదీ, చివరి ఇన్హిబిటర్ పరీక్ష తేదీ, చివరి కీళ్ల పరీక్ష తేదీ, డైరీ ఎన్ని నెలలు నిండింది, చివరి ఆరు నెలల్లో కీళ్ల రక్తస్రావాలు. మూడు నెలలకోసారి అందరూ కూర్చుని ఖాళీ గడులు మాత్రమే చూడండి. శాతాలు కట్టొద్దు, ముప్ఫై మందిలో శాతానికి అర్థం లేదు. ఆ ఖాళీ ఎవరిదో పేరు తెలుస్తుంది, ఎవరు ఫోన్ చేయాలో అక్కడే తేల్చుకోవచ్చు. ఇంకో కేంద్రంతో పోల్చుకోవాలనుకుంటే తీవ్రత, వయసు, ఇన్హిబిటర్ ఉందా లేదా అని విడదీసి, ఒకే రకం వాళ్లని ఒకే రకం వాళ్లతో పోల్చండి.

ప్రశ్న: ఎమిసిజుమాబ్ మీద ఉన్నవాళ్లు రాత్రిపూట ఎమర్జెన్సీకి వస్తే మా ల్యాబ్ ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్ష) మామూలుగా ఉందంటోంది. దీన్ని నాణ్యత లోపంగా నమోదు చేయాలా?

చేయాలి, తప్పకుండా. ఆ మందు ఉన్నప్పుడు ఏపీటీటీ మామూలుగా వస్తుంది. దానిమీద ఆధారపడే వన్-స్టేజ్ ఫ్యాక్టర్ 8 పరీక్ష లేనంత ఎక్కువ చూపిస్తుంది, మామూలు బెథెస్డా పరీక్ష ఇన్హిబిటర్ ఉన్నా లేదంటుంది. ఫ్యాక్టర్ స్థాయికీ ఇన్హిబిటర్‌కీ పశువుల నుంచి తీసిన రియేజెంట్లున్న క్రోమోజెనిక్ (రంగు మార్పుతో కొలిచే) పద్ధతి కావాలి. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు ఆ మామూలు ఏపీటీటీ చూసి "గడ్డకట్టడం బాగానే ఉంది" అని ఫ్యాక్టర్ ఆపేస్తే అది ప్రమాదం. ఇన్హిబిటర్ ఉన్నవాళ్లకి ఏపీసీసీ (ఇన్హిబిటర్ ఉన్నా రక్తం గడ్డకట్టించే మందు) ఎక్కువగా ఇవ్వడం ఇంకో ప్రమాదం: కిలోకి రోజుకి 100 యూనిట్లు దాటి, అలా 24 గంటలో అంతకన్నా ఎక్కువో కొనసాగితే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టిన సందర్భాలున్నాయి. కాబట్టి ఇలాంటి ప్రతి రాకకీ రెండు గడులు పెట్టండి: ఈ మందు మీద ఉన్నారని ల్యాబ్‌కి పంపిన కాగితం మీద రాశారా, ఏ పద్ధతిలో పరీక్ష చేశారు. మందు ఆపేసినవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. చివరి సూది తర్వాత ఆరు నెలల దాకా పరీక్షల మీద ప్రభావం ఉండొచ్చు, అందుకని వాళ్ల కార్డు మీద మందు పేరుతోపాటు చివరి సూది తేదీ కూడా ఉండాలి.